అల్లరి వెనుక ఉన్న మాట

(వికారాబాద్, తాండూర్ ప్రాంతాల గిరిజన యువత సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఇలాంటి సభల్లో మన ఆట, మన పాట, తీజ్ పండుగ, సేవాలాల్ మహరాజ్ చరిత్ర గురించి మాట్లాడుకోవడం మనకు అలవాటు. ఈసారి సంఘం పెద్దలు మాకు వేరే పని అప్పగించారు. బడిలో మన పిల్లల అల్లరి గురించి, మొండితనం గురించి మాట్లాడమన్నారు. ఇది సంస్కృతికి సంబంధం లేని విషయం అని ఎవరూ అనుకోవద్దు. 'వీడికి చదువు రాదు, వీడు మాట వినడు' అనిపించుకున్న పిల్లవాడు ముందు బడికి దూరమవుతాడు. తర్వాత తన బోలికి, తన తండాకు కూడా దూరమవుతాడు. ఎందుకంటే తనను నలుగురిలో నవ్వులపాలు చేసింది తన పుట్టుకే అని వాడి మనసులో పడిపోతుంది.

మాలో కొందరం ప్రభుత్వ బడుల్లో టీచర్లం. కొందరం విద్యా వాలంటీర్లుగా పనిచేశాం. ఇంకొందరం సాయంత్రం పూట తండాలో చదువు చెబుతున్నాం. అందరం కూర్చుని, బడుల నుంచి మన పిల్లల మీద వచ్చే ఫిర్యాదులను ఒకచోట రాసుకున్నాం. చివరికి అవి ఐదే తేలాయి. పిలిస్తే పలకడు. ఒకచోట కూర్చోడు. పక్కవాడిని కొడతాడు. పాఠం చెబుతుంటే పడుకుంటాడు. గోడ దూకి పారిపోతాడు. ఈ ఐదు మాటలు మీలో చాలామంది చిన్నప్పుడు విన్నవే. ఈ రోజు మన ప్రశ్న ఒకటే: ఎందుకు?

చేష్ట కూడా ఒక కబురే

పిల్లలకు బాధ ఉంటుంది, భయం ఉంటుంది, సిగ్గు ఉంటుంది. వాటికి పేరు పెట్టి చెప్పే మాటలు వాళ్ల దగ్గర ఉండవు. నోటితో చెప్పలేనిది చేతులతో, కాళ్లతో చెబుతారు. కాబట్టి ఒక పిల్లవాడు పదే పదే ఒకే అల్లరి చేస్తున్నాడంటే, ఒకే కబురు పదే పదే పంపుతున్నాడని అర్థం. మనం చదవలేదు కాబట్టే మళ్లీ పంపుతున్నాడు.

చదివే పద్ధతి కష్టమేమీ కాదు. మూడు విషయాలు గమనించాలి. అల్లరికి ముందు ఏం జరిగింది? పిల్లవాడు ఏం చేశాడు? దాని తర్వాత వాడికి ఏం దొరికింది?

ఒక ఉదాహరణ చూద్దాం. నాలుగో తరగతి పిల్లవాడు రోజూ లెక్కల పీరియడ్‌లోనే పక్కవాడిని పెన్సిల్‌తో గుచ్చుతాడు. సార్ కోపంతో బయట నిలబెడతారు. మరుసటి రోజూ అదే తంతు. ఇప్పుడు మూడు ప్రశ్నలు వేద్దాం. ముందు ఏం జరిగింది? భాగాహారం లెక్క బోర్డు మీద రాశారు. ఏం చేశాడు? గుచ్చాడు. ఏం దొరికింది? బయటికి పంపారు, లెక్క తప్పింది. వాడికి ఆ శిక్షే బహుమతి అయింది. లెక్క రాదని అందరి ముందు తెలిసిపోవడం కంటే అల్లరివాడు అనిపించుకోవడం వాడికి నయం. ఆ పిల్లవాడికి కావలసింది దెబ్బ కాదు, రెండో తరగతిలో వదిలేసిన తీసివేతలు, ఎక్కాలు.

పిల్లలు అల్లరి చేసేది ఎక్కువగా నాలుగు కారణాలతో. ఎవరైనా తనను చూడాలని. చేయలేని పని నుంచి తప్పించుకోవాలని. కావలసింది దక్కించుకోవాలని. ఒంట్లోనో మనసులోనో ఉన్న ఇబ్బంది తట్టుకోలేక. పైకి ఒకేలా కనిపించే అల్లరికి కారణం ఒక్కో పిల్లవాడిలో ఒక్కోలా ఉంటుంది. అందుకే అందరికీ ఒకే బెత్తం పనిచేయదు.

మొదటి గోడ భాష

ఇక మన వికారాబాద్, తాండూర్ పిల్లల సంగతికి వద్దాం. ఐదారేళ్ల దాకా మన పిల్లల లోకమంతా గోర్ బోలిలోనే ఉంటుంది. యాడి, బాటి, పాణి, అన్నీ ఆ మాటల్లోనే. ఎరుకల ఇళ్లలో ఎరుకల మాట. బడికి పోగానే తెలుగు. 2022-23 నుంచి ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీష్ మీడియం వచ్చాక పుస్తకంలో ఇంగ్లీష్ కూడా. తాండూర్ కర్ణాటక సరిహద్దు కాబట్టి బజారుకు పోతే ఉర్దూ, కన్నడ వినిపిస్తాయి. ఆరేళ్ల పిల్లకు ఇన్ని మాటల మధ్య దారి చూపించే మనిషి బడిలో ఉన్నారా?

'పుస్తకం తీయి' అంటే పక్కవాళ్లు తీసేదాకా ఆగి, వాళ్లను చూసి తీసే పిల్లలు ఉన్నారు. ఆ ఒక్క క్షణం ఆలస్యాన్ని మనం 'మాట వినడు' అంటున్నాం. అర్థం కాని మాటల మధ్య రోజుకు ఆరు గంటలు కదలకుండా కూర్చోమంటే పెద్దవాళ్లం మనమే కూర్చోలేం. పిల్లలు కాళ్లు ఊపుతారు, కిటికీలోంచి చూస్తారు, చివరికి గోడ దూకుతారు.

వ్యాకరణం కూడా ఒక ఉచ్చే. తెలుగులో అమ్మ అయినా ఆవు అయినా చెట్టు అయినా 'వచ్చింది, పడింది' అంటాం. మన బోలిలో హిందీలో లాగా ప్రతి మాటా మగో ఆడో అయి ఉంటుంది. అలవాటైన లెక్కలో తెలుగు మాట్లాడిన పిల్లవాడు తడబడతాడు, తరగతి మొత్తం నవ్వుతుంది. ఒకసారి నవ్వితే వాడు వారం రోజులు నోరు విప్పడు. 'పిలిస్తే పలకడు' అన్న ఫిర్యాదు సగం అక్కడే పుడుతుంది. ఇంకొకటి, 'మీరు, గారు'. మన ఇళ్లలో అమ్మను, నాయనను నువ్వు అనే పిలుస్తాం, అందులో ప్రేమే తప్ప అగౌరవం లేదు. అదే అలవాటుతో పిల్ల టీచర్‌ను 'నువ్వు' అంటే పొగరు అనుకుంటారు. నేర్పితే రెండు రోజుల్లో నేర్చుకునే మాట అది.

ఇది మనకొక్కరికే తోచిన సంగతి కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 ప్రాంతంలో ఎనిమిది గిరిజన భాషల్లో బహుభాషా విద్య మొదలుపెట్టారు. గోండి, కోలామి, కోయ, సవర, కువి, కొండ, ఆదివాసీ ఒరియాతో పాటు మన బంజారా కూడా అందులో ఉంది. ముందు ఇంటి భాషలో చదవడం నేర్పి, అక్కడి నుంచి తెలుగులోకి నడిపించాలన్నది దాని ఉద్దేశం. 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ కూడా వీలైనంత వరకు బిడ్డ మాతృభాషలోనే బోధన ఉండాలంటోంది. అదే సెక్షన్ పిల్లలకు భయం, ఆందోళన లేని చదువు ఉండాలని చెబుతోంది. కాబట్టి ఒకటో తరగతి పిల్లకు ఒక్క మాట గోర్ బోలిలో చెప్పి అర్థం చేయించమని అడగడం దయ కోరడం కాదు, చట్టంలో ఉన్నదే అడగడం.

కడుపు, కన్ను, చెవి

తాండూర్ చుట్టూ నాపరాయి గనులు, పాలిషింగ్ యూనిట్లు ఉన్నాయి. పొలాల్లో కంది, పత్తి. తల్లిదండ్రులు పొద్దు పొడవకముందే పనికి పోతారు. పిల్లలు రాత్రి మిగిలింది తినో, తినకో బడికి వస్తారు. మధ్యాహ్న భోజనం దాకా ఆ కడుపు ఆగాలి. పదకొండు గంటలకు చిరాకు పడి కొట్లాడే పిల్లవాడు భోజనం తర్వాత మామూలుగా ఉంటే, అది వాడి గుణం కాదు, ఆకలి. రక్తహీనత ఉన్న పిల్ల, కడుపులో నులిపురుగులున్న పిల్ల పాఠం మధ్యలో తల వాల్చేస్తారు. రాత్రి పన్నెండు దాకా సెల్‌ఫోన్ చూసిన పిల్లవాడూ అంతే. దానికి బడిని అనలేం, మన ఇంటినే చూసుకోవాలి.

బోర్డు మీది అక్షరం కనపడని పిల్ల పక్కదాని నోట్‌బుక్‌లోకి తొంగి చూస్తుంది. అది 'కాపీ' అవుతుంది. చెవిలో చీము కారి వినికిడి తగ్గిన పిల్లవాడు పిలిస్తే పలకడు. అది 'పొగరు' అవుతుంది. ఇలాంటివి పట్టుకోవడానికే 2013 నుంచి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ఉంది. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలను వైద్య బృందం ఏటా బడికే వచ్చి చూడాలి. ఆ రోజు మన తండా పిల్లలు ఎంతమంది బడిలో ఉన్నారన్నదే ప్రశ్న. పత్తి ఏరే రోజుల్లో వస్తే సగం మంది ఉండరు.

అక్షరాలు తిరగేసి రాసే పిల్లలు, చెప్పినదంతా అర్థమైనా చదవలేని పిల్లలు, ఒక్క నిమిషం కూడా నిలకడగా ఉండలేని పిల్లలు కొందరుంటారు. వాళ్లు బద్ధకస్తులు కారు. నేర్చుకోవడంలో ఉండే ఇలాంటి ప్రత్యేక ఇబ్బందులను 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించింది. మండలాల్లో భవిత కేంద్రాలు ఉన్నది ఇలాంటి పిల్లల కోసమే. ఏదో గాలి సోకిందని తాయెత్తు కట్టించే ముందు అక్కడికి, డాక్టర్ దగ్గరికి తీసుకుపోవాలి.

వలస పోయి వచ్చిన పిల్లవాడు

వానలు వెనక్కి పోయాక మన తండాల్లో ఎన్ని ఇళ్లకు తాళాలు పడతాయో మీకు చెప్పనక్కరలేదు. హైదరాబాద్, ముంబై, పుణె. భవనాల పని, మట్టి పని. పిల్లవాడు వెంట పోతే నాలుగైదు నెలలు చదువు పోతుంది. తిరిగి వచ్చేసరికి తరగతి ఎక్కడికో పోయి ఉంటుంది. అవ్వ దగ్గరో తాత దగ్గరో వదిలి పోతే చదువు నిలుస్తుంది గానీ, రాత్రి అమ్మ కోసం ఏడుపు ఆగదు. తెల్లారి బడికి వచ్చి ఎవరో 'మీ అమ్మ ఎక్కడ?' అంటే చాలు, చెయ్యి లేస్తుంది. ఆ దెబ్బ పక్కవాడి మీద కోపంతో పడింది కాదు.

ఇంకో రకం ఉంటారు. ఇంట్లో తమ్ముణ్ణి ఎత్తుకుని, నీళ్లు మోసి, గొర్రెను మేపి పెద్దమనిషిలా బతికే పదేళ్ల పిల్ల. బడిలో ఆమెను చిన్నపిల్లలా 'చేతులు కట్టుకో' అంటే మొండికేస్తుంది. ఇంట్లో నాయన తాగి వచ్చి కొట్టే పిల్లవాడికి, చెయ్యి పైకి లేస్తే చాలు, తలకు చేతులు అడ్డం పెట్టుకోవడమో ఎదురు తిరగడమో అలవాటవుతుంది. సార్ చాక్‌పీస్ కోసం చెయ్యి ఎత్తినా వాడు ఉలిక్కిపడతాడు.

చెల్లెళ్లతో ఒక మాట. ఎనిమిదో తరగతి, తొమ్మిదో తరగతి పిల్ల ఉన్నట్టుండి మాట తగ్గించినా, చదువులో పడిపోయినా, ఇంటికి పోవాలంటేనో ఫలానా చోటికి పోవాలంటేనో భయపడినా తేలికగా తీసుకోవద్దు. ఇంట్లో పెళ్లి మాట నడుస్తూ ఉండవచ్చు. ఎవరైనా ఆమెను ఇబ్బంది పెడుతూ ఉండవచ్చు. పద్దెనిమిది నిండని పెళ్లి చట్టం ఒప్పుకోదు. పిల్లల మీద లైంగిక హింసకు 2012 పోక్సో చట్టం ఉంది. 1098కి ఒక ఫోన్ చేస్తే చాలు. తండా పరువు పేరుతో ఒక పిల్ల నోరు నొక్కితే అది పరువు కాదు.

ముద్ర వేయడం ఎంత ప్రమాదమో మనకే బాగా తెలుసు

మిత్రులారా, ఇది ముఖ్యం. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ జాతుల చట్టం తెచ్చింది. ఎరుకల వంటి ఎన్నో సంచార జాతులను ఆ చట్టం కింద పుట్టుకతోనే దొంగలన్నారు. పుట్టిన బిడ్డ ఇంకా ఏమీ చేయకముందే ముద్ర పడింది. స్వాతంత్ర్యం వచ్చాక 1952లో గానీ ఆ చట్టం రద్దు కాలేదు. కాగితం మీద పోయింది. తరగతిలో ఒక పెన్ను పోతే ముందు తండా పిల్లవాడి సంచి వెతికే అలవాటు మాత్రం అక్కడక్కడా మిగిలే ఉంది. అలా ఒకసారి సంచి వెతికించుకున్న పిల్లవాడు ఆ తర్వాత ఆ సార్ ముఖం చూడడు. 'వీడికి నా మీద గౌరవం లేదు' అని ఆ సార్ బాధపడతారు. ఎందుకు లేదో ఎవరూ అడగరు.

ఒక జాతికే 'మీరు ఇంతే' అన్నప్పుడు ఎంత నొప్పి కలుగుతుందో మన తాతలు చూశారు. ఏడేళ్ల పిల్లవాడిని 'వీడు ఇంతే' అనడం కూడా అదే పని. ఆ పని బడి చేసినా తప్పే, మనం చేసినా తప్పే. మనమూ చేస్తున్నాం. మీటింగ్‌కు పోయిన నాయన 'కండ్లు వదిలి యాడన్నా కొట్టు సారూ' అని చెప్పి వస్తాడు. ఆయన ఉద్దేశం చెడ్డది కాదు, బిడ్డ బాగుపడాలనే. కానీ విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ప్రకారం బడిలో పిల్లలను కొట్టకూడదు, మనసు నొచ్చేలా వేధించకూడదు. తండ్రి అనుమతి ఇచ్చినా అది చెల్లదు.

వినడం వల్ల ఏం జరిగింది

'రైలుబడి' పేరుతో తెలుగులో వచ్చిన పుస్తకం మీలో కొందరు చదివే ఉంటారు. జపాన్‌లో తెత్సుకో కురొయనాగి తన చిన్నతనం గురించి రాసుకున్నది. ఒకటో తరగతిలోనే ఆమెను బడి నుంచి పంపించేశారు. డెస్క్ మూత పదే పదే తెరిచి మూసేది, కిటికీ దగ్గర నిలబడి వీధి వాద్యగాళ్లను పిలిచేది. ఆ తర్వాత చేరిన తొమోయే బడిలో ప్రధానోపాధ్యాయుడు కొబయాషి మొదటి రోజు ఆమెను కూర్చోబెట్టుకుని, చెప్పాలనుకున్నదంతా చెప్పమన్నారు. నాలుగు గంటలు విన్నారు. అల్లరిపిల్ల అక్కడ చదువుకుంది, పెద్దయ్యాక దేశమంతా తెలిసిన మనిషి అయింది.

జపాన్ దాకా ఎందుకు, మన నేల మీదే ఒక కథ ఉంది. వికారాబాద్ జిల్లా 2016 అక్టోబరు 11న ఏర్పడింది. అంతకుముందు వికారాబాద్, తాండూర్ ప్రాంతాలు రంగారెడ్డి జిల్లాలో ఉండేవి. ఆ జిల్లాలోనే 1991 నుంచి ప్రొఫెసర్ శాంతా సిన్హా నాయకత్వంలో మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్ పనికి పోయే పిల్లలను బడికి తెచ్చే పని మొదలుపెట్టింది. పశువులు కాసే పన్నెండేళ్ల పిల్లవాడిని తీసుకొచ్చి ఒకటో తరగతి చిన్నపిల్లల పక్కన కూర్చోబెడితే వాడు సిగ్గుతో పారిపోతాడు. పారిపోయాడు కాబట్టి చదువు మీద ఇష్టం లేదు అనడం సులువు. వాళ్లు అలా అనలేదు. వయసుకు తగ్గ తరగతికి చేరేదాకా వేరుగా బ్రిడ్జి కోర్సు శిబిరాలు పెట్టి నేర్పారు. అదే పిల్లలు మామూలు బడుల్లో చేరారు. 2003లో శాంతా సిన్హా గారికి మెగసెసే అవార్డు వచ్చింది. వయసుకు తగ్గ తరగతి, దానికి ప్రత్యేక శిక్షణ అన్న మాట 2009 చట్టంలో 4వ సెక్షన్‌గా చేరింది. ఆ రోజుల్లో ఇంటింటికీ తిరిగి తల్లిదండ్రులను ఒప్పించిన వాళ్లలో ఊళ్ల యువకులు ఎంతోమంది ఉన్నారు. అంటే మీ వయసు వాళ్లే.

మీరు చేయగలిగింది

టీచర్ల మీద యుద్ధానికి పొమ్మని మేము చెప్పడం లేదు. ఒకే టీచర్ రెండు మూడు తరగతులు చూసుకునే బడులు మన చుట్టూ ఉన్నాయి. ముప్పై మంది పిల్లల్లో ఒక్కొక్కరి ఇంటి కథ ఆయనకు తెలిసే వీలు లేదు. మీకు తెలుసు. రెండు భాషలూ వచ్చినవాళ్లు మీరు. ఇంటికీ బడికీ మధ్య కబురు మోయగలిగింది మీరే.

మీ తండాలో చదువుకున్న ఇద్దరు ముగ్గురు కలవండి. మొదటి పని, ఒకటో తరగతిలో చేరిన పిల్లలకు బడి తెలుగు మాటలు ఒక యాభై ఆటలా నేర్పండి. టీచర్‌కు గోర్ బోలి మాటలు ఒక ఇరవై రాసి ఇవ్వండి. రా, కూర్చో, ఆకలా, నొప్పా, భయపడకు. ఆ ఇరవై మాటలతో తరగతి సగం మారుతుంది.

రెండోది, వలస పోయే కుటుంబాల జాబితా దసరాకు ముందే రాసి ప్రధానోపాధ్యాయునికి ఇవ్వండి. సీజనల్ హాస్టల్ పెట్టించే వీలుందేమో అప్పుడే అడగాలి, పిల్లలు వెళ్లిపోయాక కాదు. తిరిగి వచ్చిన పిల్లవాడికి పోయిన పాఠాలు సాయంత్రం పూట మీరు చెప్పండి.

మూడోది, వైద్య బృందం వచ్చే తేదీ కనుక్కుని ఆ రోజు ప్రతి పిల్లనూ బడికి పంపించండి. కళ్లద్దాలు రాసిస్తే అవి చేతికి వచ్చేదాకా వెంటపడండి.

నాలుగోది, పాఠశాల యాజమాన్య కమిటీ. చట్టం ప్రకారం అందులో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, మొత్తంలో సగం మంది మహిళలు ఉండాలి. మన యాడిలు వేలిముద్ర వేసి వచ్చేస్తున్నారు. మీరు వెంట పోయి, ఏం మాట్లాడారో వాళ్ల బోలిలో చెప్పండి. వాళ్లు చెప్పేది అక్కడి వాళ్లకు తెలుగులో చెప్పండి.

చివరిది అన్నిటికంటే చిన్నది. ఒక పిల్లవాడి మీద ఫిర్యాదు వచ్చిందంటే, వాడిని పక్కకు తీసుకుపోయి మన బోలిలో 'ఏమైంది?' అని అడగండి. 'ఎందుకు చేశావు?' అని అడగవద్దు, ఆ ప్రశ్న పోలీసు ప్రశ్నలా వినిపిస్తుంది. వాడు వెంటనే చెప్పడు. మౌనంగా పక్కన కూర్చోండి. ఈ రోజు కాకపోతే రేపు చెబుతాడు. చెప్పింది విని నవ్వకండి, నలుగురికీ చెప్పకండి.

తీజ్ పండుగకు మన ఆడపిల్లలు బుట్టల్లో గోధుమలు చల్లి తొమ్మిది రోజులు నీళ్లు పోస్తారు. ఒక బుట్టలో మొలక సరిగా రాకపోతే గింజను ఎవరూ తిట్టరు. నీళ్లు సరిపోయాయా, మట్టి ఎలా ఉంది అని చూస్తారు. మన పిల్లల విషయంలో కూడా ఆ చూపే కావాలి. ఈ సభ అయ్యాక మీ తండాకు పోయి, 'మాట వినడు' అని పేరు పడ్డ ఒక్క పిల్లవాడిని వెతకండి. వచ్చే సమావేశానికి వాడి గురించి మాకు చెప్పండి. వాడు ఏం చేశాడో కాదు, ఎందుకు చేశాడో.